అడగలేకపోయాను

ఎన్‌టీ స్కాన్‌కి గడువుంటుంది. 11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయించాలి. బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే నీటి పొర మందం కొలుస్తారు. దానికి తల్లి రక్తపరీక్ష జోడించి, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో లెక్క కడతారు. పెద్దవాడప్పుడు చేయించుకున్నాను కనుక ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఈసారి గడువు దాటబెట్టాను.

రెండేళ్ల పిల్లాణ్ణి ఎక్కడ వదలాలో తోచలేదు. పాలకొల్లులో మంచం పట్టిన అమ్మమ్మను విడిచి అమ్మ రాలేదు. ఆయనకు సెలవు దొరకలేదు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టాలంటే మూడేళ్లు నిండాలి. మియాపూర్‌లో మా వీధి చివరి డే కేర్ వాళ్లు నెల ఫీజు కడితేనే చేర్చుకుంటామన్నారు.

కానీ ఎదురింటి ఆంటీ ఉన్నారు. ఆవిడ గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మావాడు పక్కనే చేరి, తీసిన ఈనెలన్నీ మళ్లీ గిన్నెలో వేస్తాడు. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ ఏరుకుంటారు. అంత చనువున్న మనిషిని ఒక్క పూట చూసుకోమని అడగలేకపోయాను. ‘రెండో కానుపంటే ముందే ఏర్పాటు చేసుకోవద్దా’ అంటారేమోనని భయం. ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. నేనే ఊహించుకుని నేనే నొచ్చుకున్నాను.

వాణ్ణి వెంటబెట్టుకు వెళ్దామంటే ఇంకో భయం, స్కాన్ గదిలో కిరణాలు పసివాడికి మంచివి కావేమోనని. అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే కిరణాలుండవు, ధ్వని తరంగాలే. కడుపులో బిడ్డను చూడ్డానికే వాడే మిషన్ పక్కన నిలబడ్డ బిడ్డకు కీడు చేస్తుందని ఎలా అనుకున్నానో! ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుంటే తీరిపోయే అనుమానం. ఈలోగా వారాలు గడిచిపోయాయి.

డాక్టరుగారు తిట్టలేదు. “ఇప్పుడు కొలిచినా లెక్కకు రాదమ్మా” అని క్వాడ్రుపుల్ మార్కర్ రక్తపరీక్ష రాశారు. రిపోర్టు వచ్చేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. అంతా బాగానే ఉందని వచ్చింది. బాగా లేకపోయి ఉంటే, ఆ సంగతి వారాల ముందే తెలిసే వీలును నా మొహమాటమే పోగొట్టినట్టయ్యేది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అప్పటికీ బుద్ధి రాలేదు. టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. గుండె గదులు, వెన్నెముక, మూత్రపిండాలు అన్నీ ఒక్కొక్కటిగా చూస్తారు కాబట్టి కాస్త సేపు పడుతుంది. ఈసారి వాణ్ణి ఎత్తుకుని వెళ్లాను. ఆస్పత్రి అంటే వాడికి తెలిసింది టీకాలే. నా పొట్ట మీద జెల్ రాసి డాక్టరుగారు ప్రోబ్ పెట్టగానే “అమ్మకి సూది వద్దు” అని గది అదిరేలా ఏడ్చాడు. నా పాదం పట్టుకుని కిందికి లాగాడు. ఆవిడ చేతి మీద కొట్టాడు. వాణ్ణి సముదాయించాలని నేను తల ఎత్తినప్పుడల్లా పొట్ట బిగుసుకుని, తెర మీద బొమ్మ చెదిరిపోయేది. గుండె సరిగా కనబడలేదు, మర్నాడు రమ్మన్నారు. నా కోసం ఏడ్చిన పిల్లాణ్ణి దారి పొడవునా కసురుకుంటూ వచ్చాను. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అదే.

ఆ సాయంత్రం ఎదురింటి బెల్లు కొట్టి ఉన్నదంతా చెప్పాను. ఆంటీ ముఖం చిన్నబోయింది. “ఎదురుగా నేనుండగా వీణ్ణి ఆస్పత్రికి మోసుకెళ్లావా? నన్నంత పరాయిదాన్ని చేశావేమ్మా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు వాడు ఆవిడ దగ్గరే పెరుగన్నం తిని నిద్రపోయాడు. నాకు స్కాన్ సాఫీగా అయింది, గుండె నాలుగు గదులూ కనబడ్డాయి.

ఆవిడ నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. నిన్న వెళ్లి, గ్రోత్ స్కాన్ ఉందాంటీ, వీణ్ణి ఉంచుకుంటారా అని అడిగాను.

“పొద్దున్నా, సాయంత్రమా?” అన్నారు.