డెసిబెల్ బావ

వైర్ రాడ్ మిల్లులో ఎనిమిది గంటలు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పనిచేసిన మనిషి, షిఫ్టు దిగి కారెక్కగానే ఎక్కడో అర డెసిబెల్ తగ్గిందని కుమిలిపోతాడు. ఉక్కునగరంలో సెక్టారుకొకడైనా ఉంటాడు ఇలాంటివాడు. గాజువాకలో ఉంటే కారు లోనుతో సహా ఉంటాడు. మేం డెసిబెల్ బావ అంటాం.

ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల డ్యూటీలో మోత 90 డెసిబెల్స్ దాటకూడదు. ఆ లెక్క బావకి పట్టదు. "మిల్లు మోత మోతే గురూ, అందులో లెఫ్టూ రైటూ ఏటుంటాయి?" అంటాడు.

కారు సెకండ్ హ్యాండుది. ముందు తలుపుల్లో రెండు స్పీకర్లు, వెనక రెండు, డ్యాష్‌బోర్డు మధ్యలో ఒకటి, డిక్కీలో సబ్ ఊఫర్. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ప్లాంటు మనిషి కదా, సబ్ ఊఫర్‌కి భీముడని పేరు పెట్టుకున్నాడు. డ్యాష్‌బోర్డు మధ్యలో పూర్వం సింహాద్రి అప్పన్న ఫొటో ఉండేది. స్పీకరుకి అడ్డమొస్తోందని ఎడమకి జరిపాడు. వాళ్లమ్మ మళ్లీ మధ్యకి జరిపింది. ఆ ఒక్క లెవెలూ ఇప్పటికీ తేలలేదు.

లెవెల్స్ సరిచూడటానికి పాట పనికిరాదట. పింక్ నాయిస్ పెట్టాలి. కుళాయిలో నీళ్లొచ్చే ముందు గాలి తన్నుకొచ్చినట్టు స్‌స్‌స్ మంటుంది. ఒక్కో స్పీకర్లో విడివిడిగా అది మోగించి, ఫోన్‌లో మీటరు తెరిచి చెవి పక్కన పట్టుకుంటాడు. అన్నీ 75 చూపించాలి. కుడి స్పీకరు ఆయన మోకాలి దగ్గరే ఉంటుంది, ఎడమది అవతలి తలుపులో. మీటరు దూరం నడవడానికి ధ్వనికి మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అందుకని కుడిదాన్ని ఆ మేరకి ఆలస్యం చేసి, ఎడమదాన్ని కాస్త పెంచుతాడు. గాయకుడు సరిగ్గా ఎదురుగా నిలబడి పాడినట్టుంటుంది.

ఎవరికి? స్టీరింగ్ వెనక కూర్చున్న ఒక్కడికి. పక్క సీట్లో అక్కయ్యకి, పెంచిన స్పీకరు చెవి కిందే ఉంది. "ఏవండీ, నాకు తబలా ఒక్కటే వినపడుతోంది, బాలుగారు ఎటు వెళ్లారు?" అని అడిగితే, "నా దగ్గరున్నారు, కంగారు పడకు" అంటాడు.

ఖాళీ కారులో తీసిన రీడింగు చెల్లదనేది బావ కొత్త సిద్ధాంతం. మనుషులూ బట్టలూ సన్నటి ధ్వనుల్ని పీల్చేస్తాయి, నిజమే. కనక ఫుల్ లోడు రీడింగు. మే నెల రాత్రి పదకొండింటికి ఇంటిల్లిపాదినీ కారెక్కించి, అద్దాలు ఎత్తించి, చప్పుడని ఏసీ ఆపించాడు. "అత్తయ్యా, ఒళ్లో ఆ సంచీ కింద పెట్టండి, ట్రెబుల్ మింగేస్తోంది." సంచీ దిగింది. ఎనిమిదేళ్ల పిల్ల తుమ్మింది. మళ్లీ మొదటి నుంచీ. చెమటకి జాకెట్లు తడిసిపోయాక అత్తగారు నోరు విప్పారు: "బాబూ, పాట ఎప్పుడేత్తావు?"

పాట అనేది బావ కారులో అరుదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ రెండు ఛానెళ్ల పాటలే, తక్కిన స్పీకర్లకి వాటినే మెషీను పంచిపెడుతుంది. ఈ సంగతి ఆయన ముందు ఎవరం ఎత్తం. బంధుత్వాలు కావాలి కదా.

ఇంత చేసీ కారు కూర్మన్నపాలెం నుంచి హైవే ఎక్కగానే కంటెయినర్ ట్రెయిలర్లూ టైర్ల రొదా కలిసి బేస్‌ని మింగేస్తాయి. బావ భీముణ్ణి పెంచుతాడు. దారిలో సిగ్నల్ పడితే టైర్ల రొద ఆగుతుంది, భీముడు ఆగడు. వెనక నంబరు ప్లేటు గజగజలాడుతుంది, పక్క ఆటోవాడు దిగి తన బండి కింద చూసుకుంటాడు. తగ్గించమంటే బావ 1933కి వెళ్లిపోతాడు. సౌండు తగ్గేకొద్దీ చెవి అన్నిటికంటే ముందు బేస్‌నే వదిలేస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికాలో ఆ ఏడే గ్రాఫులు గీసి చూపించారట.

"ఆళ్లు మీ మిల్లులోనే సేస్తారా బాబూ?" అన్నారు అత్తగారు.

మొన్న ఆదివారం ప్రశాంతత కోసం సాగర్‌నగర్ దాటాక సముద్రానికి ఎదురుగా కారాపాడు. అలల హోరే సగం పింక్ నాయిస్ అని అక్కడికెళ్లాక గాని తట్టలేదు. మీటరు ఎవరి చప్పుడు చూపిస్తోందో తెలీక తల పట్టుకుని కూర్చుంటే, మురీ మిక్చరు అమ్మే ముసలాయన అద్దం మీద కొట్టాడు. ఒక నిమిషం చెవి ఒగ్గి విన్నాడు.

"రేడియో అందట్లేదేటి బాబూ? కాస్త ముందుకెళ్లండి, టవరుంది."

వెనక సీట్లోంచి అత్తగారు అప్పటికే పొట్లం అందుకున్నారు. "ఆయన్ని కూడా ఎక్కించు బాబూ, లోడు సరిపోద్ది."