సలహాలు నిషేధం

మైండ్‌ఫుల్‌నెస్ గ్రూపు థెరపీలో చేరుతున్నానంటే మా అత్తయ్య మొదట అడిగింది, "అక్కడ ఏమైనా పెడతారా?" అని. పెడతారు. ఒక కిస్‌మిస్. ఒక్కటే. దాన్నీ వెంటనే నోట్లో వేసుకోనివ్వరు.

మొదటి వారం తంతు అదే. కిస్‌మిస్‌ని అరచేతిలో పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని వస్తువులా చూడాలి. వెలుతురుకు ఎత్తి పట్టాలి. చెవి దగ్గర పెట్టి నలిపి శబ్దం వినాలి. వాసన చూడాలి. తర్వాత నాలుక మీద పెట్టుకుని, కొరక్కుండా ఆగాలి. మా గ్రూపులోని రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారు ఆ ఘట్టం దాకా రానేలేదు. చెవి దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఖాళీ. "ఇంకోటి ఇవ్వమ్మా" అన్నారు. పక్కనున్న పెద్దావిడ తనదాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది పాత సరుకు. మా వీధి కొట్లో ఇంతకన్నా మంచివి దొరుకుతాయి, తెచ్చిపెట్టనా?" అని థెరపిస్టునే ఎదురడిగింది. నాకైతే నేతిలో ఉబ్బిన కిస్‌మిస్ గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి పరమాన్నం, పరమాన్నం నుంచి పండగ, పండక్కొచ్చిన ఆడపడుచు. కళ్ళు తెరిచేసరికి ఆవిడతో ఎప్పుడో అయిపోయిన పోట్లాట మళ్ళీ మొదట్నుంచీ ఆడి, ఈసారి గెలిచాను కూడా. అదే కనిపెట్టమన్నారు. కిస్‌మిస్ దగ్గర బయల్దేరిన మనసు ఎవరూ పిలవకుండానే ఆడపడుచు గుమ్మంలో తేలుతుందని తెలుసుకోవడమే ఆ వారం పాఠం.

ఈ కిస్‌మిస్ పాఠం ఊరికే పుట్టలేదు. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, మామూలు వైద్యంతో తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం ఒక కోర్సు మొదలుపెట్టారు. ఆయన చదువు మాలిక్యులర్ బయాలజీ. కోర్సులో సరంజామా అంతా విపశ్యన, జెన్, హఠయోగం. తర్వాత జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ అనే ముగ్గురు సైకాలజిస్టులు దానికి కాగ్నిటివ్ థెరపీ కలిపి, డిప్రెషన్ నుంచి తేరుకున్నవాళ్ళు మళ్ళీ అందులో పడకుండా ఇంకో కోర్సు తయారుచేశారు. మూడుసార్లో, అంతకు మించో డిప్రెషన్ వచ్చినవాళ్ళకు ఇది ఇప్పించమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2004లో సిఫారసు చేసింది. అసలు ఆ విపశ్యన కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద విపశ్యన గురువు గోయెంకా గారి కేంద్రం 1976 నుంచీ ఉంది. మనం మాత్రం ఆ రోడ్డు మీద డ్యాముకెళ్ళి చేపల వేపుడు తిని వచ్చేవాళ్ళం.

కళ్ళు మూసుకోవడం, ఊపిరి గమనించడం మనవాళ్ళకు పెద్ద కష్టం కాదు. కష్టమల్లా ఒక నియమం. ఇక్కడ చెప్పుకున్నవి బయట చెప్పకూడదన్నారు, తలూపాం. టైముకి రావాలన్నారు, అబద్ధానికి తలూపాం. "ఎవరికీ సలహా ఇవ్వకూడదు" అన్నారు. గదిలో కలకలం రేగింది.

ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి నోరు విప్పింది. "రోజూ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుందండీ..." అందో లేదో, "గసగసాల పాలు తాగు తల్లీ" అన్నారు ఒకరు. "తల ఉత్తరానికి పెట్టి పడుకుంటున్నావేమో చూసుకో" అని ఇంకొకరు. "పెళ్ళయిందా?" అని మూడో వైద్యం. థెరపిస్టు చేయెత్తి, ఎవరి అనుభవం వాళ్ళే చెప్పాలని గుర్తుచేసింది. బ్యాంకు ఆఫీసరుగారు వెంటనే సర్దుకున్నారు. "సరేనమ్మా, నా అనుభవమే చెప్తా. నా అనుభవంలో గసగసాలు..."

ఈ నిషేధం వెనక సంగతి ఉంది. బాధ కనపడగానే దాన్ని బాగుచేసెయ్యాలని మనసు పరుగెడుతుంది. బాగుపడకపోతే ఎందుకు పడలేదని తవ్వుకుంటుంది. డిప్రెషన్‌ని మళ్ళీ లోపలికి లాక్కొచ్చేది చాలాసార్లు ఈ తవ్వకమే అని ఆ ముగ్గురు సైకాలజిస్టుల వాదన. అందుకే ఎదుటివాళ్ళ నిద్ర బాగుచెయ్యకుండా ఊరికే వినడం కూడా సాధనే. పోనుపోను ఆ అమ్మాయి చెప్పేది చివరిదాకా విన్నాం. అప్పుడు తెలిసింది, మూడింటికి వచ్చే మెలకువ ఆమె చెప్పదలుచుకున్నదాంట్లో మొదటి వాక్యం మాత్రమేనని. మిగతాది ఇక్కడ రాయను. మొదటి నియమం ఉంది కదా.

తర్వాత బాడీ స్కాన్. వెల్లకిలా పడుకుని, ఎడమకాలి వేళ్ళతో మొదలుపెట్టి ఒంట్లో ఒక్కో భాగాన్నీ మనసుతో తడుముకుంటూ పైకి రావాలి. మోకాలి దాకా వచ్చేసరికి గదిలో గురక వినపడుతుంది. అది మీది కూడా కావచ్చు. నిద్రొస్తే నేరమేం కాదంటారు. ఇంటిదగ్గర కూడా వారానికి ఆరు రోజులు ముప్పావు గంట చెయ్యాలి. ముప్పావు గంటసేపు ఎవరూ పిలవని ఇల్లు తెలుగుదేశంలో ఎక్కడుందో నాకైతే తెలీదు. కుక్కరు విజిల్స్ లెక్కపెట్టడం కూడా సాధనలోకి వస్తుందా అని అడిగాను. వస్తుందట, లెక్కపెడుతున్నానని నాకు తెలిస్తే. అత్తయ్య తలుపు తోసుకుని వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంది. "బాడీ స్కాన్ చేస్తున్నానత్తయ్యా" అన్నాను. "అయ్యో, రిపోర్టు ఎప్పుడిస్తారు?"

రెండో వారం రోజుకొక మంచి సంఘటన రాసుకు రమ్మంటారు. అందరూ తల గోక్కుంటారు. మూడో వారం చికాకు పెట్టినవి రాయమంటారు. కాగితాలు చాల్లేదు.

కోర్సు చివరికొస్తుండగా ఒక రోజంతా మౌనం ఉంటుంది. ఫోను లేదు, మాట లేదు. అడుగు తీసి అడుగు వేసేది గమనించుకుంటూ మేడమీద మేమందరం ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తుంటే, ఎదురింటావిడ బట్టలారేస్తూ కాసేపు చూసి, వాచ్‌మన్‌ని కేకేసి అడిగింది, "ఎవరు పోయారు?" అని. మౌనవ్రతం అక్కడితో సరి.

ఇదంతా పనిచేస్తుందా అంటే, కొంత. యాంగ్జయిటీ ఉన్నవాళ్ళలో కబాట్-జిన్ గారి 8 వారాల కోర్సు ఎస్సిటాలోప్రామ్ అనే మందుకు తీసిపోలేదని అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2022లో తేల్చింది. అలాగని సర్వరోగ నివారిణి కాదు. మధ్యలో కొన్నాళ్ళు బాధ ఎక్కువైనట్టే ఉంటుంది, ఎందుకంటే ఇన్నాళ్ళూ దాన్ని టీవీ సౌండు పెంచి కప్పెట్టాం. ఆడపడుచు మీద కోపం నాకు ఇప్పటికీ వస్తుంది. వస్తున్నట్టు ముందే తెలుస్తోంది, అంతే.

మీరూ చేరేట్టయితే, చేర్చుకునే ముందు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పండి. ఈమధ్యే ఇంట్లో ఎవరైనా పోయినా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా దాచకండి. అలాంటప్పుడు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వాడుతున్న మాత్రలు డాక్టరుకి చెప్పకుండా ఆపకండి. నేర్పేవాళ్ళు ఎక్కడ శిక్షణ తీసుకున్నారో మొహమాటపడకుండా అడగండి. దుప్పటొకటి తీసుకెళ్ళండి, బాడీ స్కాన్‌లో ఏసీ నేరుగా మీదికి కొడుతుంది.