మూడో ముడి గల్లంతు

మా పెళ్లి 1992 వేసవిలో అయింది. ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలకి. ఇది నేను చెబుతున్న మాట. మా ఇంటి కంప్యూటరు మాత్రం ఒప్పుకోవడం లేదు. దాని లెక్కలో నేను రెండు ముళ్లే వేశాను, అందులో రెండోది కూడా అనుమానమే.

తెనాలిలో మా ఇంటి అటక దులుపుతుంటే పెళ్లి క్యాసెట్ బయటపడింది. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే డాలస్‌లో ఉన్న మావాడు "నాన్నా, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పంపించండి, కోడలు చూస్తానంటోంది" అన్నాడు. ఊళ్లో ఆ పని చేసేవాడున్నాడు. గంటకి ఇంతని అతను చెప్పిన రేటు విన్నాక, దానికన్నా మళ్లీ పెళ్లి చేసుకోవడమే చవకనిపించింది. ఆ మాట మనసులో అనుకుని ఊరుకోవలసింది, పైకి అన్నాను. మా ఆవిడ ఆ రోజు నుంచి ఈ క్యాసెట్ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టింది.

సామగ్రి ఇంట్లోనే ఉంది. వీసీఆర్ ఉంది. ప్రపంచంలో ఆఖరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో చేతులెత్తేసింది గాని, మా ఇంట్లోది ఎత్తలేదు. కంప్యూటరూ ఉంది. పిల్లవాడి చదువుకని 2006లో కొన్నాను, వాడు దాని మీద క్రికెట్ ఆడి ఇంజనీరయ్యాడు. పెంటియం ఫోర్, 80 జీబీ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్‌వారు 2014 ఏప్రిల్‌లోనే నీళ్లొదిలేశారు, నేను వదల్లేదు. ఇక కొనాల్సింది ఈ రెంటికీ సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య ఒక్కడే. వేలెడంత డబ్బీ అది. ఒక చివర వీసీఆర్ తాలూకు పసుపు, తెలుపు పిన్నులు, రెండో చివర యూఎస్‌బీ. పేరయ్యలందరిలాగే అదీ ఇటువాళ్ల గురించి అటు, అటువాళ్ల గురించి ఇటు పూర్తిగా నిజం చెప్పదని తరవాత తెలిసింది.

మొదటిసారి ఎక్కించి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూపించాను. ఎదురుకోలు సన్నాహంలో మా మామగారు నడిచి రాలేదు, గెంతుకుంటూ వచ్చారు. సన్నాయి వాయించేవాడు బుగ్గలు పూరించి అలాగే నిలబడిపోయాడు. పురోహితుడు నత్తివాడయ్యాడు. పేరుకి పురోహితుడే గాని, వినిపించేది మంత్రం కాదు. ఆ రోజుల్లో వీడియోలవాళ్లు పెళ్లి శబ్దమంతా తుడిచేసి సినిమా పాటలు వేసేవారు. మధ్యలో హృదయాకారం, అందులో మా ఇద్దరి తలకాయలు. కాబట్టి గట్టిమేళం సాక్ష్యానికి పనికిరాదు, బొమ్మే దిక్కు. ఆ బొమ్మలో నా చేతులు ఆవిడ మెడ వెనక్కి వెళ్లాయి. మొదటి ముడి పడింది. రెండోది సగం పడింది. అక్కడ గడ్డకట్టింది. అయిదు సెకన్ల తరవాత ఉలిక్కిపడి లేచేసరికి అందరూ అక్షింతలు వేసేసి చేతులు దులుపుకుంటున్నారు.

"ఏమండీ, మూడో ముడి ఏదీ?" అంది ఆవిడ. అడిగిన తీరు చూస్తే ముప్పై ఏళ్ల వంట జీతం బాకీ లెక్క కడుతున్నట్టుంది.

టీవీలో చూడొచ్చుగా అంటారు మీరు. గోడకి మేకులు కొట్టించిన కొత్త టీవీకి పసుపు పిన్ను పెట్టే కన్నం లేదు. మా బావమరిదీ ఇదే అడిగాడు. అడిగి ఊరుకోకుండా "కొత్త ల్యాప్‌టాప్ కొనేయ్ బావా" అని సలహా పారేశాడు. పరాయి డబ్బుకి వీడంత ఉదారుణ్ణి నేను చూడలేదు.

తప్పు వీసీఆర్‌దా, క్యాసెట్‌దా, కంప్యూటరుదా అన్నది తేలాలి. క్యాసెట్‌ని ముందు చివరిదాకా పోనిచ్చి, మళ్లీ వెనక్కి చుట్టాను. ఏళ్ల తరబడి కదలకుండా పడున్న టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, అలా ఒకసారి తిప్పితే బిగువు సర్దుకుంటుంది. కోస్తా చెమ్మకి పట్టే తెల్లటి బూజు అదృష్టవశాత్తూ మాదానికి పట్టలేదు. తరవాత వీసీఆర్ మూత విప్పాను. లోపల వెండిగిన్నె బోర్లించినట్టు ఒక డ్రమ్ము, నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. టేపు దానికి ఏటవాలుగా రాసుకుంటూ పోతుంటే డ్రమ్ముకున్న హెడ్డులు బొమ్మని చదువుతాయి. తెల్ల కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి ఆనించి, కాగితం కదపకుండా డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. పైకీ కిందకీ రుద్దారా, హెడ్డు విరుగుతుంది. కాగితానికి అంటిన నలుపు చూస్తే మా వీసీఆర్ ఎన్ని అద్దె క్యాసెట్లు నమిలిందో లెక్క తెలిసింది. తెర మీద గీతలు పోయాయి. మామగారి గెంతులు మాత్రం పోలేదు.

అంటే దోషి కంప్యూటరే. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. మన దేశపు వీడియోలో సెకనుకి 25 బొమ్మలు. కంప్యూటర్లోకి వచ్చేసరికి ఒక్కో బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, చుక్కకి రెండు బైట్లు. గుణిస్తే సెకనుకి 20.7 మెగాబైట్లు, గంటకి దాదాపు 75 జీబీ. నా డిస్కు మొత్తం 80. అంటే పెళ్లి అయ్యేసరికి అప్పగింతలకి చోటు ఉండదు. సరే, ఇరవయ్యేసి నిమిషాల ముక్కలుగా ఎక్కించి, ఒక్కొక్కటీ కుదించి పక్కన పెట్టుకోవచ్చు. కాని ఎక్కించేటప్పుడే బొమ్మలు జారిపోతున్నాయి. వర్చువల్ డబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో జారిన బొమ్మల లెక్క పక్కనే కనిపిస్తుంది. నా లెక్క ఆటో మీటరులా తిరుగుతోంది. యాంటీవైరస్ ఆపాను, స్క్రీన్ సేవర్ తీసేశాను, ఎక్కుతుండగా తెర మీద బొమ్మ చూడ్డం మానుకున్నాను. మీటరు కాస్త నెమ్మదించింది, ఆగలేదు.

వారం తరవాత అసలు దొంగ దొరికింది. డిస్కుకి సరుకు చేర్చే పద్ధతులు రెండు. ఒకటి డీఎంఏ. లారీ వచ్చి ఆగితే హమాలీలు బస్తాలు నేరుగా గోడౌన్లో దింపుతారు, షావుకారు గల్లా దగ్గర కూర్చుని తన పని తాను చూసుకుంటాడు. రెండోది పీఐఓ. ఇందులో షావుకారే పైపంచె నడుముకి బిగించి ఒక్కో బస్తా వీపు మీద మోస్తాడు. ఎక్స్‌పీకి ఒక గుణం ఉంది. సరుకు దింపడంలో ఆరుసార్లు తేడా వచ్చిందా, హమాలీలందర్నీ మాన్పించి షావుకారుని మోతకి దింపుతుంది. మనకి మాట మాత్రం చెప్పదు. తనంతట తాను మళ్లీ వాళ్లని పిలవదు కూడా. ఆ షావుకారు ఎంత వగర్చినా సెకనుకి 16.6 మెగాబైట్లకి మించి మొయ్యలేడు. వచ్చేది 20.7. మిగిలిన సరుకు రోడ్డు పాలు. నా మూడో ముడి ఆ రోడ్డు మీదే పడింది.

మరి ఆ ఆరు తప్పులూ ఎవరివల్ల జరిగాయి? డబ్బా విప్పి చూస్తే డిస్కుకి వెళ్లే పట్టీలాంటి వెడల్పు కేబులు సగం ఊడి వేలాడుతోంది. పోయిన సంక్రాంతికి డబ్బా విప్పి దుమ్ము దులిపినవారి చేతివాటం అది. దులిపింది నేనే కాబట్టి ఆ కోణంలో విచారణ అంతటితో ఆపేశాను. కేబులు నొక్కి, డివైస్ మేనేజరులో ఆ ఐడీఈ ఛానల్‌ని తీసేసి, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాను. లేచాక తన ఛానల్‌ని తానే వెతుక్కుని కొత్తగా పెట్టుకుంది. హమాలీలు తిరిగొచ్చారు. మీటరు సున్నా మీద నిలబడింది.

ఇంటిల్లిపాదినీ మళ్లీ పిలిచాను. మామగారు నడిచారు. నిజంగా నడిచారు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బియ్యం మా నెత్తి మీద పడి, ఒక అడుగు వెనక్కి లేచి, మళ్లీ పడుతున్నాయి. ఒక్క బొమ్మా జారలేదే, మరి ఇదేమిటి? వీడియో బొమ్మ ఒక్కసారిగా రాదు. బేసి గీతలొక విడత, సరి గీతలొక విడత, సెకనుకి 50 విడతలు. నేను కంప్యూటరుకి ఆ వరస తిరగేసి చెప్పాను. దాంతో ప్రతి కదలికా రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ పడుతోంది. పై గీతల విడత ముందని మార్చాక బియ్యం కిందికే పడ్డాయి. "బానే ఉంది గాని, ముళ్ల దగ్గరికి రండి" అంది ఆవిడ.

వచ్చాను. మొదటి ముడి, స్పష్టంగా. రెండోది, ఇంకా స్పష్టంగా. మూడో ముడి వేయబోతుండగా కెమేరాకీ మాకూ మధ్యకి ఒక తలకాయ వచ్చింది. వెనకనుంచి చూస్తే ఒత్తుగా, నూనె రాసి పాపిడి తీసిన జుట్టు. ఏడు సెకన్లు కదల్లేదు. ఏడు ఇంటూ ఇరవై అయిదు, నూట డెబ్బై అయిదు బొమ్మలు, ఒక్కటి జారకుండా, ఆ తలకాయే. అప్పటికి పద్నాలుగేళ్లవాడు, మా బావమరిది.

వాడికి ఫోన్ చేసి చెప్పాను. వచ్చి చూశాడు. బట్టతల తడుముకుంటూ "ఇది నేను కాదు బావా, నాకు జుట్టేదీ?" అన్నాడు. వాళ్లక్క వాడి పక్షమే.

కాబట్టి అయ్యా, అమ్మా, 1992 వేసవిలో మా పెళ్లికి వచ్చి, మంటపానికి ఎడమవైపు కూర్చుని, ఆ వేళప్పుడు మెలకువగా ఉన్నవారెవరైనా ఉంటే దయచేసి మా ఆవిడకి ఒక ముక్క చెప్పండి. నాకు చెప్పి లాభం లేదు.