ఆరో నంబరు గారి అభిప్రాయం

అమీర్‌పేటలో గ్రూప్ డిస్కషన్ నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. అక్కడ నేర్పనిదంటూ ఏముంది లెండి! మైత్రీవనం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే జావా దగ్గర్నుంచి ఇంటర్వ్యూలో నవ్వడం దాకా అన్నీ దొరుకుతాయి. ఈ మాస్టారి పాఠంలో అసలు సరుకు మూడే ముక్కలు. మొదలుపెట్టేది నువ్వే కావాలి. ముగించేదీ నువ్వే కావాలి. ఆ రెండూ కుదరకపోతే, నోరు మెదపకుండా కూచున్నవాణ్ణి ఒకణ్ణి చూసుకుని “వీరి అభిప్రాయం కూడా విందాం” అనాలి. “ఆ ఒక్క మాట చాలు, నాయకత్వ లక్షణం ఉందని రాసేసుకుంటారు” అనేవాడాయన.

2010 తరవాత ఐఐఎంలు ఒక్కొక్కటే ఈ తతంగానికి స్వస్తి చెప్పి, అభ్యర్థుల చేత వ్యాసాలు రాయించుకోవడం మొదలుపెట్టాయి. కేకలు విని విని చెవులు చిల్లులు పడ్డాయో ఏమో. ఉద్యోగాలిచ్చేవాళ్ళలో చాలామంది మాత్రం దాన్ని వదల్లేదు.

ఒక ప్రైవేటు బ్యాంకు పల్లెల్లో కొత్తగా తెరవబోయే శాఖలకు ఆఫీసర్లు కావాలంది. పదిమందిని బల్ల చుట్టూ కూచోబెట్టి చొక్కాలకి నంబరు బిళ్ళలు తగిలించారు. గోడవారగా ఇద్దరు పరిశీలకులు, వాళ్ళ ఒళ్ళో అట్టలు, అట్టల మీద గళ్ళ కాగితాలు. విషయం: “గ్రామీణ యువతకు అవకాశాలు కల్పించడం ఎలా?” ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు, మాట్లాడుకోవడానికి పదిహేను. అంతా ఇంగ్లీషులోనే.

పదిమందిలో తొమ్మిదిమంది మాస్టారి శిష్యులే. బ్యాచులు వేరు కాబట్టి ఒకరి మొహం ఒకరికి తెలీదు.

ఆయన శిష్యుడు కానివాడు ఆరో నంబరు ఒక్కడే. అనంతపురం జిల్లా నార్పల మండలం నుంచి రాత్రి బస్సుకి వచ్చి, ఇమ్లీబన్ బస్టాండులో మొహం కడుక్కుని, ఉన్న ఒక్క మంచి చొక్కా అక్కడే మార్చుకుని నేరుగా వచ్చాడు. చదువంతా తెలుగు మీడియం. ఏ మాటైనా లోపల ఒకసారి ఇంగ్లీషులో పేర్చుకుంటే గానీ పైకి రాదు.

“స్టార్ట్” అనగానే తొమ్మిది గొంతులు ఒక్కసారే “గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్” అన్నాయి. గొంతు పెద్దదైన మూడో నంబరు నెగ్గాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారన్నాడు. ఎనిమిదో నంబరు కలాం గారి ‘పుర’ పథకం ఎత్తుకుంది. ఒకటో నంబరు గాంధీగారిని పట్టుకున్నాడు. రెండో నంబరు ఉపాధి హామీ దగ్గరికొచ్చి, “2006లో ఈ పథకాన్ని బీహార్‌లో ఎక్కడో మారుమూల పల్లెలో ప్రారంభించారు” అన్నాడు.

ఆరో నంబరు ఉలిక్కిపడ్డాడు. ఆ పల్లె బండ్లపల్లి. వాళ్ళ ఊరికి కూతవేటు దూరం. ఆ ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ వస్తే, చూడ్డానికి బడి ఎగ్గొట్టి పరిగెత్తిన పిల్లల్లో తనొకడు. ఆ పథకంలో తట్టలు మోసే వాళ్ళమ్మ తన డిగ్రీ ఫీజు కట్టింది. “సార్, అది...” అన్నాడు.

ఐదో నంబరు పసిగట్టేశాడు. “మిత్రులారా, ఆరో నంబరు గారు ఇంతవరకూ మాట్లాడనే లేదు. వారి అభిప్రాయం విందాం.” పరిశీలకుడు కాగితం మీద నిలువుగా ఒక గీత గీశాడు.

ఆ గీత తొమ్మిదో నంబరు కంటబడింది. ఆరో నంబరు వాక్యం పేర్చుకునే లోపే, “నేనూ అదే అనబోతున్నాను. అందరికీ సమానావకాశం ఉండాలి. ఆరో నంబరు గారూ, ప్లీజ్” అన్నాడు. ఇంకో గీత.

“అది బండ్ల...”

“కంగారు పడకండి, మేమంతా ఉన్నాం కదా” అని ఏడో నంబరు ధైర్యం చెప్పింది. మరో గీత. నాలుగో నంబరైతే కుర్చీని అతని వైపు తిప్పుకుని, పల్లెటూరి కుర్రాళ్ళు నలుగురిలో నోరు ఎందుకు విప్పలేకపోతారో నిమిషంన్నర సేపు వివరించి, ఆ తరవాత ఆహ్వానించాడు. ఒకటి, రెండు, మూడు, ఎనిమిది నంబర్లు మాత్రం తక్కువ తిన్నారా? తలా ఒకసారి పిలిచారు. చివరికి మిగిలిన పదో నంబరు, వెనకబడిపోయానన్న ఆదుర్దాలో వెంటవెంటనే రెండుసార్లు పిలిచింది.

బెల్లు మోగింది. ముగింపు తొమ్మిదిమందీ కలిసే చెప్పారు: గ్రామీణ యువతలో ప్రతిభకు కొదవలేదు, కావలసిందల్లా అవకాశమే.

బయట వరండాలో ఐదో నంబరు టీ గ్లాసుతో దగ్గరికొచ్చాడు. “ఏంటి బ్రదర్, అంత ఛాన్సిస్తే మాట్లాడవేం?” అని నిజంగానే జాలిపడ్డాడు.

లోపల పరిశీలకులు మార్కులు కూడుకుంటున్నారు. ‘ఇతరులకు అవకాశమిచ్చే గుణం’ అన్న గడిలో తొమ్మిదిమందికీ పదికి పది పడ్డాయి. వాళ్ళలో ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వదులుకోవాలో తేలక తలలు పట్టుకున్నారు. ఆరో నంబరు దగ్గర మాత్రం ఆ ఇబ్బంది లేకపోయింది. గీతలు లెక్కపెట్టి ఒకాయన రాశాడు, రెండో ఆయన కింద సంతకం చేశాడు:

“గ్రామీణ శాఖకు పనికిరాడు. పదిసార్లు అవకాశమిచ్చినా ఉపయోగించుకోలేదు.”