జాలీ మారితే కొత్త కారేనట!

రెండో ప్రపంచయుద్ధానంతరపు అమెరికన్ కార్లలో ఏది అందమైనదో తేల్చడం నేడొక మహాశాస్త్రంగా చలామణి అవుతోంది. ఆ శాస్త్రంలో దిగ్గజాలైనవారు ఇంజన్ ఊసెత్తరు, కమాను కట్టల సంగతి అడగరు, రేడియేటర్‌కు ముందుండే లోహపు జాలీని, అనగా గ్రిల్‌ను, చూసి యుగవిభజన చేసేస్తారు.

1942 ఫిబ్రవరిలో యుద్ధావసరాల కోసం అమెరికాలో పౌరుల కార్ల తయారీ ఆగిపోగా, 1946లో ‘సరికొత్త’ పేరుతో బజారుకెక్కినవాటిలో అత్యధికం జాలీ, మెరుగు పట్టీలు మార్చుకున్న 1942 నాటి బండ్లే. 1948లో జనరల్ మోటార్స్ రూపశిల్పి హార్లీ ఎర్ల్ బృందం పి-38 యుద్ధవిమానాన్ని చూసి ముచ్చటపడి కాడిలాక్‌కు తోకరెక్కలు తగిలించింది. 1959 నాటికి ఆ రెక్కలు ఆకాశాన్నంటాయి గాని, కారు మాత్రం నేల విడవలేదు. క్రైస్లర్ సంస్థ మరింత పొదుపరి: ప్లిమత్‌కే ముఖం, పేరు మార్చి డాడ్జ్ కింగ్స్‌వేగా, డిసోటో డిప్లొమాట్‌గా పరదేశాలకు పంపింది. ఒకే పిల్లను మూడు పేర్లతో పెళ్లిచూపులకు కూర్చోబెట్టినా, మన తులనాత్మక పండితులు ముగ్గురిలో ఎవరి ముక్కు తీరైనదో వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ లెక్కన విజయనగరం జిల్లాలోని బొబ్బిలి వీణ తయారీదారులు అమాయకులనే చెప్పాలి. గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి, నాదం పలికేలా కుండను మలిచే ఆ పనివారికి, కొసనున్న యాళిముఖాన్ని ఏటేటా మార్చి ‘ఈ ఏటి కొత్త వీణ’ అని చాటింపు వేయించవచ్చన్న సంగతి తట్టనేలేదు.

ఉత్తరాంధ్ర రోడ్లపై దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్‌దీ ఇదే వరస: ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ శరీరంతో పుట్టి, మార్క్-2, మార్క్-3, మార్క్-4 అంటూ ముఖ్యంగా ముఖం మార్చుకుంటూ, 2014లో తయారీ ఆగేదాకా ఆ ఒడ్డూపొడుగుతోనే నడిచింది. అయినా దాన్ని శ్రీకాకుళం టాక్సీవాలా నమ్ముకున్నది జాలీ గళ్ల అందానికి కాదు, గతుకుల దారికి తట్టుకున్నందుకు, ఏ ఊరి మెకానిక్ చేతికైనా లొంగినందుకు.

కనుక ‘ఫేస్‌లిఫ్ట్’ అనే పేరుతో నేటికీ షోరూముల్లో సాగుతున్న ఈ ముఖాలంకరణను మెచ్చుకునేవారు మెచ్చుకోవచ్చు. అదనపు సొమ్ము చెల్లించే ముందు మాత్రం బానెట్ ఎత్తి, లోపల మారిందేమిటో అడిగి చూడాలి.