శీలపరీక్షక పాఠకుడు

గోదావరి ఒడ్డున అడవి మొదలయ్యే పాలవంచ, భద్రాచలం ప్రాంతాల్లో కనిపించే శీలపరీక్షక పాఠకుడు, అంటే పుస్తకం తెరవకముందే రచయిత నడవడికపై విచారణ జరిపే పాఠకుడు, తరచుగా రెవెన్యూ శాఖలో రిటైరైనవాడై ఉంటాడు. ఏటా గ్రామాల శిస్తు లెక్కలు సరిచూసే జమాబందీ చేజారిపోయాక ఊరుకోలేక, ఆ తనిఖీని తెలుగు సాహిత్యం మీద మొదలుపెడతాడు. ఆయన బీరువాలో నిర్దోషుల పుస్తకాలు పేరు బయటికి కనబడేలా నిలబడి ఉంటాయి, సస్పెండైనవారివి గోడవైపు తిరిగి ఉంటాయి.

ఈ రెండో వరుసే పెద్దది. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) తొలి అధ్యక్షుడై, ఐదేళ్లు తిరిగేసరికి ఎమర్జెన్సీ కాలపు ఇరవై సూత్రాల కార్యక్రమాన్ని సమర్థించిన శ్రీశ్రీ అందులో ఉన్నాడు; వర్ణధర్మాన్ని వెనకేసుకొచ్చిన విశ్వనాథ ‘వేయిపడగలు’తో సహా ఉన్నాడు; నిజాం జైలులో పద్యాలు కట్టి, 1977లో ఆస్థానకవి పదవిని, అంటే ప్రభుత్వమే నియమించే కవి హోదాను, స్వీకరించిన దాశరథీ ఉన్నాడు. చలం కేసు మరీ విచిత్రమైనది: ‘మైదానం’ రాసినందుకు కాక, 1950లో అరుణాచలం వెళ్లి రమణాశ్రమం చెంత స్థిరపడినందుకు ఆయనకు శిక్ష పడింది.

అయితే నిర్దోషుల మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము ఉంటుంది, గోడవైపు తిరిగిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ మీద మాత్రం దుమ్ము నిలవదు. పైగా అందులో గుర్తుకు పెట్టిన ఖమ్మం బస్సు టికెట్ వారం వారం పేజీ మారుతుంది. చార్జిషీటు రాయాలంటే రికార్డు చూడక తప్పదని ఆయన వివరణ. ఆ చార్జిషీటు ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉంది.

ఇంతటి కఠినుడు కంచెర్ల గోపన్న దగ్గర మెత్తబడతాడు. రామదాసుగా ప్రసిద్ధుడైన ఈ నేలకొండపల్లి భక్తకవి, 17వ శతాబ్దంలో పాలవంచ పరగణాకు, అంటే శిస్తు వసూలు కోసం ఏర్పరచిన గ్రామాల సముదాయానికి, తహసీల్దారుగా ఉండి, వసూలైన సొమ్ముతో మంజూరు లేకుండానే భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడ్డాడు; చెరలోంచి నగల ఖర్చులు పద్దుల వారీగా ఏకరువు పెట్టి దేవుణ్ణే నిలదీశాడు. ఈ చివరి అంశం ఏ రెవెన్యూ ఉద్యోగి గుండెనైనా కరిగిస్తుంది. మరి సర్కారు సొమ్ము సంగతేమిటని పక్కింటి కుర్రవాడు అడిగితే, “ఆ బకాయి జమైపోయింది గదా అబ్బాయ్, రసీదు గూడా ముట్టింది” అంటూ, రామలక్ష్మణులే వచ్చి గోల్కొండ సుల్తాను తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించారన్న జనశ్రుతిని ఆడిట్ అభ్యంతరానికి జవాబులా వినిపిస్తాడు. శ్రీశ్రీ తరఫున ఎవరైనా చెల్లిస్తే ఆ కేసూ మూసేయొచ్చా సార్ అని కుర్రవాడు రెట్టిస్తే, దరఖాస్తు కింది ఆఫీసు ద్వారా రావాలంటాడు.