నిత్య నూతనం

మా కంపెనీ ఇంట్రానెట్‌లో దసరా సెలవుల సర్క్యులర్ పక్కన ఎర్రగా ఒక ‘న్యూ’ కొట్టుకుంటోంది. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతి అల్లుళ్లు కూడా తిరుగు బస్సెక్కేశారు. అది మాత్రం ఇంకా రెప్పలార్పుతూనే ఉంది. కళ్లు మూసుకున్నా కనబడుతోంది.

అంతా ‘మీ పేజీ మీరే పెట్టుకోండి’ పథకం పుణ్యం. ఇదివరకు కామా మార్చాలన్నా మా వెబ్ టీమ్‌కి టికెట్ పెట్టేవాళ్లు, మేం తీరిగ్గా చూసేవాళ్లం. ఇప్పుడు హెచ్‌ఆర్, ఫైనాన్స్, అడ్మిన్ అందరికీ లాగిన్లే. రంగు మారకుండా, లోగో సాగకుండా, ఫాంటు తప్పకుండా టెంప్లేట్‌కి తాళాలు వేశాం. ఎడిటర్‌లో మూడే రంగులు. మనవాళ్లు ఊరుకుంటారా? పవర్‌పాయింట్‌లో ఏడు రంగుల పోస్టర్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి బొమ్మగా ఎక్కించారు. చూపులేని వాళ్లకి కంప్యూటర్ చదివి వినిపించాలి కాబట్టి బొమ్మకి వివరణ తప్పనిసరి అన్నాం. ‘బొమ్మ’ అని రాశారు.

‘న్యూ’ సంగతి అడ్మిన్ ఆయన్ని అడిగాను.

“మెరవకుంటె ఎవ్వరు చూస్తరన్నా?”

“దసరా అయిపోయింది కదా!”

“మళ్ల దసరా రాదా?”

ఈ మిణుకు జబ్బు ఈనాటిది కాదు. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లీ ఒక సాయంత్రం బారులో కూర్చుని, తాను అంతకుముందు పనిచేసిన లింక్స్ బ్రౌజర్‌ని తలుచుకున్నారట. అందులో అక్షరాలే గాని బొమ్మలుండవు. కొత్త హంగుల్లో దానికి చేతనయ్యేది అక్షరాల్ని ఆర్పి వెలిగించడం ఒక్కటేనేమో అని నవ్వులాటకి అన్నారు. తెల్లారి ఆఫీసుకొచ్చేసరికి సహోద్యోగి ఒకడు రాత్రంతా కూర్చుని దాన్ని నిజం చేసేశాడు. అదే బ్లింక్ ట్యాగు. అందులో ఒక్క లైను కోడు కూడా తనది కాదని ఆయన ఆ తర్వాత చెప్పుకోవాల్సొచ్చింది. మన దగ్గర బారులో ఇచ్చిన మాట పొద్దున్నకి ఎవరికీ గుర్తుండదు. అదీ నాగరికతంటే! వాళ్లకి గుర్తుండిపోయింది. 2013లో ఫైర్‌ఫాక్స్ పీకేసేదాకా పంతొమ్మిదేళ్లు జనం కళ్లు చిట్లించుకున్నారు. పీడ విరగడైందనుకుంటే, జిఫ్ బొమ్మగా మా అడ్మిన్ డిపార్ట్‌మెంట్‌లో మళ్లీ పుట్టింది.

వెబ్ అందరికీ అందాలని రాసిన డబ్ల్యూసీఏజీ నియమాలున్నాయి. తనంతట తాను మొదలై ఐదు సెకన్లు దాటి మిణుకుమనేదాన్ని చదివేవాళ్లు ఆపుకునే వీలుండాలి. సెకనుకి మూడుసార్లకు మించి పెద్దగా తళుక్కుమనకూడదు, కొందరికి మూర్ఛ రావచ్చు. ఇవన్నీ మా స్టాండర్డ్స్ పుస్తకంలో భేషుగ్గా ఉన్నాయి. ఆ పుస్తకం లింకు పక్కన కూడా ఎవరో ‘న్యూ’ తగిలించారు.

ఇంతదాకా నవ్వుకోవచ్చు. మొన్న కొత్తగా చేరిన కుర్రాడొకడు వాళ్ల నాన్న ఆపరేషన్ బిల్లులకి హెచ్‌ఆర్ పేజీలోంచి క్లెయిమ్ ఫారం దింపుకుని, నింపి పంపాడు. అది మా కంపెనీ కిందటేడే వదిలేసిన ఇన్సూరెన్స్ వాళ్లది. తిరిగొచ్చింది. అప్పు ఎక్కడ తెచ్చాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ పేజీ తెరిచి చూశాను. వంక పెట్టడానికి లేదు. రంగు సరే, లోగో సరే, ఫాంటు సరే. పెట్టినావిడ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. పేజీ గడువు తేదీ దగ్గర 31-12-2099 అని ఉంది. పెట్టే మీట ఊరందరికీ ఇచ్చాం, కనిపెట్టుకుని చూసే పని ఎవరికీ అప్పజెప్పలేదు. నీలం కాస్త ముదిరితే మా టీమ్‌కి హెచ్చరిక మెయిలొస్తుంది. రాసింది అబద్ధమైపోతే ఎవరికీ రాదు.

ఈ మాటే మీటింగ్‌లో అన్నాను. అందరూ తలలూపారు. “చాలా మంచి పాయింటండీ, దీనిమీద ఒక పేజీ పెట్టేయండి” అన్నారు.